పదమూడేళ్ల పిల్ల ఎంత బరువుండాలి? బడిలో పది కిలోలు తగ్గమన్నారు

కొర్లగుంట_అమ్మ
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పోయిన నెలలో పదమూడేళ్లు నిండాయి, పెద్దమనిషై నాలుగైదు నెలలవుతోంది. మొన్న బడిలో ఆరోగ్య తనిఖీ అని పిల్లలందరినీ వరుసలో నిలబెట్టి తూకం వేశారు. ఒకరు ఒక్కో బరువునూ అందరికీ వినబడేలా చదువుతుంటే ఇంకొకరు రాసుకున్నారట. మా పిల్ల ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 56 కిలోలు. వార్షికోత్సవం నాటికి పది కిలోలు తగ్గితేనే డాన్సులో ముందు వరుస అని అక్కడికక్కడే చెప్పేశారు. ఆ రోజు నుంచి పిల్ల పొద్దున టిఫిను మానేసింది. మధ్యాహ్నం క్యారియరులో సగం అన్నం మిగిలిపోయి వస్తోంది, సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చాక మాత్రం ఆకలికి ఆగలేక మిక్చరు డబ్బా ఖాళీ చేస్తోంది. మా ఆయన ఫోనులో ఏదో పట్టిక చూసి "45 కిలోలు" అని కాగితం మీద రాసి బీరువాకు అంటించారు. మా అత్తగారేమో పిల్ల బొద్దుగా ఉంటేనే కళ అంటారు. ఎవరి మాట వినాలో తెలియక అడుగుతున్నాను: ఈ వయసు ఆడపిల్ల ఎంత బరువుండాలి, ఎన్నాళ్లలో తగ్గించాలి?

పదో_తరగతి_నాన్న
కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే బీఎంఐ 24.2 వస్తోంది. 25 దాటితేనే అధిక బరువు అని మా ఆఫీసులో పెట్టిన వైద్య శిబిరంలో చెప్పారు. కాబట్టి మీ పాపకు ఏ సమస్యా లేదు, నిశ్చింతగా ఉండండి.

చిత్తూరు_పిల్లల_డాక్టరు
పై లెక్క సరిగ్గానే ఉంది గానీ 25 అనే గీత పెద్దవాళ్లకు గీసినది. పిల్లల ఒంట్లో కొవ్వు, కండ, ఎముక పాళ్లు ఏటేటా మారుతుంటాయి గనుక వాళ్ల బీఎంఐని వయసును బట్టి, ఆడపిల్లా మగపిల్లాడా అన్నదాన్ని బట్టి చార్టులో పెట్టి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో 5 నుంచి 19 ఏళ్ల వారికి, మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం 2015లో 5 నుంచి 18 ఏళ్ల వారికి అలాంటి చార్టులు ఇచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో పదమూడేళ్ల ఆడపిల్లకు దాదాపు 22 దాటితే అధిక బరువు, 26 దాటితే స్థూలకాయం. ఈ పాప 24 దగ్గరుంది. అంటే భయపడేంత లేదు, పట్టించుకోకుండా వదిలేయడానికీ వీల్లేదు.

ఇక ఎన్ని కిలోలు తగ్గాలన్న మాట. ఈ వయసు పిల్లలకు నేను కిలోల లక్ష్యం ఇవ్వను, ఎందుకంటే వాళ్లు ఇంకా పొడవు పెరుగుతున్నారు. రజస్వల అయ్యాక కూడా ఆడపిల్లలు సగటున ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల వరకు పెరుగుతారు. ఈ పాప పద్నాలుగున్నర ఏళ్లకు 157 సెంటీమీటర్లకు చేరి, బరువు మాత్రం ఇదే 56 దగ్గర నిలిచిందనుకోండి. అప్పుడు బీఎంఐ 22.7 అవుతుంది, ఆ వయసుకు అది అధిక బరువు గీతకు కిందే ఉంటుంది. ఒక్క కిలో కూడా తగ్గకుండానే పిల్ల ఆరోగ్యకరమైన పరిధిలోకి వచ్చేసినట్టు. మనం చేయాల్సిందల్లా బరువు పెరిగే వేగాన్ని తగ్గించి ఎత్తుకు సమయం ఇవ్వడమే.

కొన్ని నెలల్లో పది కిలోలు తగ్గాలంటే మాత్రం పిల్ల పస్తులుండాలి. పస్తులుంటే కొవ్వుతో పాటు కండ పోతుంది, నెలసరి తప్పుతుంది, ఎముకలు గట్టిపడాల్సిన ఏళ్లలో గట్టిపడవు. పొద్దున తినని పిల్ల సాయంత్రం మిక్చరు మీద పడటం శరీర ధర్మం, ఆ పిల్ల నిగ్రహానికి దానితో సంబంధం లేదు. బీరువా మీది కాగితాన్ని ఈ రోజే తీసేయండి.

పుత్తూరు_అవ్వ
డాక్టరమ్మ చెప్పిన మాటల్లో పస్తుల సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. కొత్తగా పెద్దమనిషైన పిల్లకు మా ఇళ్లలో చిమ్మిలి, ఉడకబెట్టిన గుడ్డు, మినుములతో చేసినవి పెట్టి బలం పట్టించేవాళ్లం. ఆ సమయంలో కడుపు మాడ్చడం ఎక్కడి న్యాయం? అయితే ఆ అత్తగారి మాటను నేను పూర్తిగా కొట్టేయను. అమ్మా, నీ కూతురి ముందు మీ అత్తను మాత్రం కాదనవద్దు. బొద్దుగా ఉంటే కళ అన్న మాట ఆమె ప్రేమకొద్దీ అన్నది, బడిలో పదిమందిలో పిల్లను చిన్నబుచ్చిన మాట కన్నా అది నయం.

పలమనేరు_రైతు
అన్నం మాన్పించి రాగి సంగటి పెట్టండి, రెండు నెలల్లో సన్నబడుతుంది. మా ఊళ్లో సంగటి తిన్నవాళ్లెవరికీ పొట్ట రాలేదు.

ఆహార_శాస్త్ర_విద్యార్థిని
పలమనేరు రైతు గారూ, సంగటి మీద నాకూ చాలా ఇష్టం ఉంది, కానీ తింటే సన్నబడతారన్న నమ్మకం సరికాదు. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 320 కేలరీలు, వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు ఉంటాయి, తేడా స్వల్పమే. రాగుల గొప్పదనం వేరే చోట ఉంది. వంద గ్రాములకు 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. పదమూడు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. పీచు కూడా ఎక్కువ గనుక సంగటి తిన్న తరువాత ఆకలి త్వరగా వేయదు. కాబట్టి పెట్టండి, అయితే ఎముకల కోసం పెట్టండి. రెండు పెద్ద ముద్దలు తిని, పైన నెయ్యి, పక్కన వేయించిన మాంసం ఉంటే బియ్యం అన్నం తిన్నట్టే అవుతుంది.

పలమనేరు_రైతు
మా ఊళ్లో వాళ్లకు పొట్ట రాకపోవడానికి పొద్దుగూకే దాకా మడికట్ల వెంట తిరగడం కారణమని మీరు అనబోతున్నట్టున్నారు. ఆ మాటైతే ఒప్పుకోవాల్సిందే. ఒక ముద్ద, ఉలవచారు, గుప్పెడు చెనక్కాయల ఊరుబిండి పెట్టండి, నెయ్యి మీ ఇష్టం.

వ్యాయామ_మాస్టారు
నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. ముందుగా ఆ తూకం గురించి చెప్పాలి. పిల్లల్ని కొలవడం మంచిదే, ఏడాదికి రెండుసార్లు కొలిచి రాసిపెడితే ఎవరి పెరుగుదల ఆగిందో, ఎవరి బరువు గబగబా పెరుగుతోందో పట్టుకోవచ్చు. అయితే ఒక్కొక్కరిని గదిలోకి పిలిచి కొలవాలి, అంకెను ఎవరికీ వినిపించకూడదు, ఏదైనా చెప్పాల్సి ఉంటే తల్లిదండ్రులకు కాగితం మీద రాసి పంపాలి. వరుసలో బరువులు చదివిన మరుసటి రోజు నుంచి ఆటల పీరియడుకు కడుపునొప్పి అని చెప్పి తరగతిలోనే కూర్చునే పిల్లలను నేను చూశాను. ఎవరు ఎక్కువ కదలాలో వాళ్లే కదలడం మానేస్తారు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకు అరవై నిమిషాలు ఒంటికి చెమట పట్టేలా కదలాలని, వారంలో కనీసం మూడు రోజులు ఎముకకు, కండకు బలమిచ్చే పనులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ అరవై నిమిషాలు ఒక్కసారే కానక్కర్లేదు. బడికి నడిచి వెళ్లిన పావుగంట, సాయంత్రం మిద్దె మీద స్కిప్పింగ్ తాడుతో పది నిమిషాలు, వీధిలో ఖోఖో ఆడిన అరగంట అన్నీ కలుస్తాయి. ఇష్టంగా చేస్తున్న డాన్సు అన్నిటికన్నా మంచి వ్యాయామం. ఆ పిల్లను డాన్సు నుంచి వెనక్కి నెట్టడం అంటే ఆమెకు దొరికిన ఒక్క మంచి మందును లాక్కోవడమే అవుతుంది.

చంద్రగిరి_చరణ్
మనకు తిరుమల కొండే ఉంది కదా. ప్రతి ఆదివారం అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కించండి, కొవ్వు దానంతటదే కరుగుతుంది. లేదంటే శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లే.

వ్యాయామ_మాస్టారు
చరణ్, వారమంతా కదలని పిల్లను ఆదివారం ఒక్కసారిగా అన్ని మెట్లు ఎక్కిస్తే సోమవారం మోకాళ్లు పట్టుకుని బడి మానేస్తుంది, ఆ తరువాత మెట్లంటేనే భయపడుతుంది. రోజూ చేయగలిగే చిన్న పని మేలు. ఇంకో మాట కూడా ఉంది. ఆ మెట్లు మొక్కుకున్నవాళ్లు గోవిందనామం చెప్పుకుంటూ ఎక్కే దారి. కుటుంబమంతా సంతోషంగా నడిచి వెళ్తే అంతకన్నా మంచిది లేదు. లావుగా ఉన్నావు కాబట్టి ఎక్కు అని పిల్లతో మాత్రం అనవద్దు, అప్పుడు దర్శనం కూడా శిక్షలాగే అనిపిస్తుంది.

నర్సింగ్_చదువుతున్న_అమ్మాయి
ఈ చర్చ చదువుతుంటే రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నన్ను తరగతిలో "బూరె" అని పిలిచేవాళ్లు, ఉపాధ్యాయులు కూడా నవ్వేవాళ్లు. అప్పుడు నేను తిండి తగ్గించడం మొదలుపెట్టాను. బరువు తగ్గినప్పుడల్లా చుట్టాలు మెచ్చుకున్నారు, అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. తరువాత వరుసగా మూడు నెలలు నెలసరి రాలేదు, దువ్విన ప్రతిసారీ దువ్వెన నిండా జుట్టు వచ్చేది, ప్రార్థనలో నిలబడితే కళ్లు తిరిగేవి. మా పిన్ని పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాకే ఇది ఒక జబ్బుగా మారుతోందని తెలిసింది. కోలుకోవడానికి మానసిక వైద్యుల సాయం కూడా అవసరమైంది.

కొర్లగుంట అమ్మగారూ, మీ పాపలో కొన్ని సంగతులు గమనించండి. అందరితో కలిసి తినకుండా తప్పించుకుంటోందా, తిన్న వెంటనే బాత్రూములోకి వెళ్లి చాలాసేపు ఉంటోందా, రోజుకు పలుమార్లు తూకం ఎక్కుతోందా, ఎండాకాలంలోనూ ఒళ్లంతా కప్పే వదులు బట్టలే వేసుకుంటోందా, దొంగచాటుగా తిని ఏడుస్తోందా? ఇందులో ఏది కనబడినా తిట్టకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. ఇది లావు పిల్లలకు రాదనుకోవద్దు, ఏ ఒళ్లున్న పిల్లలకైనా రావచ్చు, మగపిల్లలకూ వస్తుంది.

కొర్లగుంట_అమ్మ
మీరు రాసింది రెండుసార్లు చదివాను, చెయ్యి వణికింది. బాత్రూము, దొంగచాటు తిండి లాంటివి కనబడలేదు కానీ మా ఇంట్లో ఉన్న చిన్న తూకం మిషను మీద మాత్రం పొద్దునా సాయంత్రం ఎక్కుతోంది. దాన్ని అటక మీద పెట్టేశాను, కాగితం కూడా తీసేశాను. డాక్టరు గారూ, పాపను ఏ పరీక్షలకు తీసుకెళ్లాలి? మెడ వెనక నల్లగా ఉంది, ఎంత రుద్దినా పోవడం లేదు.

చిత్తూరు_పిల్లల_డాక్టరు
మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, కాస్త మందంగా, ముఖమల్ గుడ్డలా మారితే అది మురికి కాదు, దయచేసి రుద్దవద్దు. శరీరం ఇన్సులిన్‌కు సరిగ్గా స్పందించడం లేదనడానికి అది ఒక గుర్తు కావచ్చు. ఇంట్లో ఎవరికైనా చక్కెర జబ్బు ఉంటే తప్పకుండా చూపించాలి. రక్తపోటు, పరగడుపున చక్కెర, కొవ్వులు, కాలేయం పరీక్ష, అవసరమైతే థైరాయిడ్ చూస్తారు. థైరాయిడ్ వల్ల బరువు పెరిగే పిల్లలు సాధారణంగా పొడవు ఎదగరు. మీ పాప ఎదుగుతోంది కాబట్టి ఆ అవకాశం తక్కువ. నెలసరి మొదటి రెండేళ్లు క్రమం తప్పడం మామూలే, అయినా తేదీలు రాసిపెట్టుకోండి. తిరుపతిలోనే ఉన్నారు గనుక రుయా ఆసుపత్రి పిల్లల విభాగంలో చూపించవచ్చు.

రక్తహీనత కూడా చూడమనండి. బొద్దుగా ఉన్న పిల్లకు రక్తం తక్కువ ఉండదని చాలామంది పొరబడతారు. వారానికొకటి చొప్పున బడిలో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పిల్లలు సంచిలో పడేసి వస్తుంటారు, దాన్ని భోజనం తరువాత మింగమని చెప్పండి.

సత్యవేడు_నాన్న
మా సమస్య దీనికి పూర్తిగా తలకిందులు. మా వాడికి పద్నాలుగేళ్లు, 158 సెంటీమీటర్లు, 40 కిలోలే. ఎముకల గూడు అని ఏడిపిస్తున్నారట. జిమ్ముకు వెళ్లే మా మరిది కొడుకు పెద్ద డబ్బా ప్రొటీన్ పొడి కొనమంటున్నాడు, కొనమంటారా?

చిత్తూరు_పిల్లల_డాక్టరు
వద్దు. మీ అబ్బాయి బీఎంఐ 16, ఆ వయసు మగపిల్లలకు పల్చదనం గీత 15.5 దగ్గర ఉంటుంది, కాబట్టి సన్నగానే ఉన్నా పరిధిలోనే ఉన్నాడు. మగపిల్లలు పదమూడు, పద్నాలుగేళ్లకు ముందు సర్రున పొడవు సాగుతారు, కండ ఆ తరువాత పట్టుకుంటుంది. ఆ వయసుకు రోజుకు కావాల్సిన ప్రొటీన్ 45 గ్రాముల దగ్గర. రెండు గుడ్లు, రెండు కప్పుల పప్పు, ఒక గ్లాసు పాలు, కప్పు పెరుగు, గుప్పెడు వేరుశనగలు ఉంటే అన్నంలో ఉండేదానితో కలిపి సులువుగా సరిపోతుంది. నులిపురుగుల మాత్ర బడిలో ఏడాదికి రెండుసార్లు ఇస్తారు, ఆ రోజు వాడు బడిలో ఉండేలా చూడండి. ఆరు నెలల్లో ఎత్తూ బరువూ రెండూ కదలకపోతే అప్పుడు తీసుకురండి.

పుత్తూరు_అవ్వ
సత్యవేడు నాయనా, సంక్రాంతి నెలలో అనపకాయలు వస్తాయి కదా, పితికిపప్పు చేసి రోజుమార్చి రోజు పెట్టు. డబ్బాలో పొడి ఎవరు చేశారో ఎవరికి తెలుసు, అనపగింజ మన కళ్ల ముందు కాచింది.

పదో_తరగతి_నాన్న
నాకొక అభ్యంతరం ఉంది. అరవై నిమిషాల ఆటలు, కుటుంబమంతా కలిసి భోజనం, ఇవన్నీ చదవడానికి బాగున్నాయి. మా అబ్బాయి పొద్దున ఐదింటికి లేచి చదువుకు కూర్చుంటాడు, బడి అయ్యాక అక్కడే స్టడీ అవర్స్, ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. పదకొండున్నర దాకా చదివితే తప్ప సిలబస్ పూర్తి కాదు. పబ్లిక్ పరీక్షలున్న పిల్లవాడిని ఖోఖోకు పంపమంటే ఏ తండ్రి పంపుతాడు? మార్చి దాటాక ఒళ్లు చూసుకోవచ్చు.

వ్యాయామ_మాస్టారు
పదకొండున్నర నుంచి ఐదు వరకు అంటే ఐదున్నర గంటల నిద్ర. పదమూడు దాటిన పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. నిద్ర చాలని పిల్లలకు ఆకలి పెరుగుతుంది, అందులోనూ తీపి, వేపుళ్ల మీదికి మనసు పోతుంది, చదివింది నిలవదు. నేను పదో తరగతి పిల్లలను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. సాయంత్రం అరగంట ఆడి, పదింటికి పడుకున్న పిల్లలు వెనకబడటం నేను చూడలేదు. మార్చి తరువాత ఇంటర్, ఇంటర్ తరువాత ఈఏపీసెట్. ఆ ఖాళీ మార్చి ఎప్పటికీ రాదు.

పదో_తరగతి_నాన్న
మీరు ఆటల మాస్టారు కాబట్టి అలా అంటారు. పోటీ ఎలా ఉందో మాకు తెలుసు.

ఆహార_శాస్త్ర_విద్యార్థిని
నాన్నగారూ, ఆట సంగతి మీరు తేల్చుకోండి, నిద్ర విషయంలో మాత్రం మాస్టారు చెప్పింది వైద్యులూ చెప్పేదే. కనీసం రాత్రి పదింటికి ఫోను, పుస్తకం రెండూ మూయించండి. స్టడీ అవర్స్‌లో సాయంత్రం ఐదింటికి వాడు ఏం తింటున్నాడో ఒకసారి అడగండి, అక్కడే అసలు కథ ఉంటుంది.

పదో_తరగతి_నాన్న
అడిగాను. ఎగ్ పఫ్, ఒక కూల్‌డ్రింక్. రోజూ.

లీలామహల్_బేకరీ_వాడు
నా దుకాణం బడికి దగ్గర్లోనే ఉంటుంది, కాబట్టి ఈ మాట నేనే చెప్పాలి. సాయంత్రం నాలుగున్నరకు పిల్లలు వస్తే కౌంటరు మీద చేతులు ఆనవు, అంత రద్దీ. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఎక్కువగా కొనేది పఫ్‌లు, క్రీమ్ బన్ను, చిన్న కూల్‌డ్రింక్ సీసా. పఫ్ పొరలు విడివిడిగా రావాలంటే పిండి మడతల మధ్య డాల్డా లాంటి గట్టి కొవ్వు దండిగా పట్టించాలి, పట్టించకపోతే పఫ్ పొంగదు. పిల్లలు కాగితంలో చుట్టుకున్నప్పుడు ఆ కాగితం అవతలి వైపు కనబడేంత నూనె పడుతుంది. రోజూ తినే సరుకు కాదని నాకూ తెలుసు. నేను అమ్మకపోతే పక్కవాడు అమ్ముతాడన్న మాట కూడా నిజమే గనుక, ఏం పెడితే పిల్లలు కొంటారో చెప్పండి, పెట్టి చూస్తాను.

ఆహార_శాస్త్ర_విద్యార్థిని
మీరు ముందుకొచ్చి అడగడం చాలా సంతోషం. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తిండిని బడి లోపలా, బడికి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. అమలు ఎలా ఉందో వీధిలో నిలబడి చూస్తే తెలుస్తుంది. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో దాదాపు 27 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఐదారు చెంచాలు. కేంద్ర బోర్డు (సీబీఎస్‌ఈ) బడుల్లో ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో చూపే "షుగర్ బోర్డులు" పెట్టమని 2025లో ఆదేశించారు. అలాంటి బోర్డు మీ కౌంటరు పక్కన ఉన్నా మంచిదే.

పెట్టాల్సినవి: అలసందలవో శనగలవో గుగ్గిళ్లు, పైన పచ్చి కొబ్బరి తురుము, మామిడికాయ ముక్కలు. ఉడికించిన వేరుశనగలు. ఉల్లిపాయ, టమోటా, నిమ్మరసం కలిపిన బొరుగులు. జామకాయ నాలుగు చీలికలు చేసి కారం చల్లినది. పలుచని మజ్జిగ. ఎగ్ పఫ్ బదులు ఉడికించిన గుడ్డు, మిరియాల పొడి.

లీలామహల్_బేకరీ_వాడు
గుగ్గిళ్లు, బొరుగులు, మజ్జిగ రేపటి నుంచే పెట్టగలను. జామకాయ కోసిన అరగంటకు రంగు మారుతుంది, అడిగినప్పుడే కోసివ్వాలి. గుడ్డు మాత్రం గ్యారంటీగా అమ్ముడుపోతుంది.

నర్సింగ్_చదువుతున్న_అమ్మాయి
కొర్లగుంట అమ్మగారికి ఒక విన్నపం. మార్పు ఏదైనా ఇంటిల్లిపాదికీ ఒకేలా చేయండి. పిల్లకొక్కదానికి నూనె లేని కూర, తమ్ముడికి వేపుడు పెడితే రోజూ రెండు పూటలా ఆమెకు తన లావు గుర్తు చేసినట్టే. మా ఇంట్లో అదే జరిగింది, అది తూకం కన్నా ఎక్కువ బాధించింది.

కుప్పం_మేనత్త
దీనికి నేను సాక్ష్యం. మా అన్నకు చక్కెర జబ్బు వచ్చాక మా వదిన ఆయనకు వేరే వంట చేయకుండా ఇంట్లో వంటనే మార్చింది. అన్నం గరిటె చిన్నది పెట్టింది, తాళింపు నూనె చెంచాతో కొలిచి పోసింది, కూరాకు పరిమాణం రెట్టింపు చేసింది, టీవీ ముందు కంచం పెట్టుకోవడం మాన్పించింది. ఆయన కోసం చేసిన మార్పుతో బొద్దుగా ఉన్న మేనకోడలి బరువు కూడా పెరగడం ఆగింది, ఎవరూ ఆ పిల్లతో బరువు మాటే ఎత్తలేదు.

చంద్రగిరి_చరణ్
ఓళిగలు, అరిసెలు కూడా మానేయాలా? పండగ పూట పిల్లలు ఏమైపోవాలి?

చిత్తూరు_పిల్లల_డాక్టరు
ఏమీ మానక్కర్లేదు. పండగకు ఓళిగ తినాలి, నెయ్యి వేసుకునే తినాలి. ఏ తిండినీ పాపం అని పిల్లల ముందు అనకండి, ఏ తిండినీ మార్కులకు బహుమానంగా ఇవ్వకండి. నేను చూసేది మామూలు మంగళవారం నాడు ఇంట్లో ఏముందో. ఎదురుగా ఉండే అలమరలో మిక్చరు డబ్బా బదులు వేయించిన శనగలు, పండ్లు ఉంటే ఆకలేసిన పిల్ల అవే తింటుంది. దాహానికి నీళ్లు. పొద్దున ఏదో ఒకటి కడుపులో పడాలి, ఇడ్లీ అయినా, పెరుగు కలిపిన సద్దన్నం అయినా, రాగిజావ అయినా సరే.

కొర్లగుంట_అమ్మ
బడికి వెళ్లి ప్రధానోపాధ్యాయురాలిని కలిశాను. మాస్టారు గారు రాసిన మాటలనే కాగితం మీద పెట్టి ఇచ్చాను: బరువు చాటుగా తూచాలి, అంకె పిల్లలకు వినిపించకూడదు, ఏదైనా ఉంటే మాకు రాయాలి. ఆమె చదివి, ముందు వరుసకు బరువు షరతు పెట్టినట్టు తనకు తెలియదని, డాన్సులో వరుసలు ఎత్తును బట్టి మాత్రమే పెడతామని చెప్పారు. తూకం సంగతి మాత్రం "చూస్తాం" అన్నారు, అంతకుమించి మాటివ్వలేదు. వదలను, తల్లిదండ్రుల సమావేశంలో మళ్లీ అడుగుతాను. మా అత్తగారు పితికిపప్పు మాట విని ఉత్సాహపడ్డారు, ఈ సీజనులో కాయలు రాగానే చేస్తారట. రుయాకు వచ్చే సోమవారం వెళ్తున్నాం.

పదో_తరగతి_నాన్న
మా అబ్బాయిని స్టడీ అవర్స్ నుంచి ఏడింటికే తీసుకొస్తానని బడివాళ్లకు చెప్పాను. ఒప్పుకోవడానికి చాలా మాట్లాడాల్సి వచ్చింది. ఆటల విషయంలో నా అభిప్రాయం ఇంకా అదే, రాత్రి పదకొండున్నర దాకా చదివించే విషయంలో మాత్రం వెనక్కి తగ్గాను.

సత్యవేడు_నాన్న
ప్రొటీన్ డబ్బా కొనలేదు. ఆరు నెలల్లో కదలిక చూడమన్నారు గదా, ఇంట్లో ఎత్తు సరిగ్గా ఎలా కొలవాలో మాస్టారు చెబితే రాసిపెట్టుకుంటాం. గోడకు నిలబెట్టి కొలిస్తే ఒక్కోసారి ఒక్కో అంకె వస్తోంది.

వ్యాయామ_మాస్టారు
పొద్దున పూట కొలవండి, సాయంత్రానికి వెన్నెముక కుదించుకుని దాదాపు సెంటీమీటరు తగ్గుతుంది. చెప్పులు, సాక్సులు తీయించి, కింద స్కర్టింగ్ పలక లేని గోడకు మడమలు, పిరుదులు, భుజాలు ఆనేలా నిలబెట్టండి. చూపు నేరుగా ఉండాలి, గడ్డం ఎత్తకూడదు. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని గోడకు ఆనించి నెత్తి మీదికి దించి, దాని కింది అంచు దగ్గర పెన్సిలుతో గీసి, నేల నుంచి టేపుతో కొలవండి. మూడు నెలలకొకసారి చాలు, తేదీ వేసి పుస్తకంలో రాయండి. ఆడపిల్లలకైతే జడను నెత్తి మీద ముడి వేసి ఉంటే విప్పించాకే కొలవాలి, లేకపోతే రెండు సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది.